సోదాకు హద్దు ఎక్కడ? విమానాశ్రయ తనిఖీ యంత్రాలు, వ్యక్తిగత గోప్యత: ఒక సమీక్ష

విమానం ఎక్కేవారిని సోదా చేయవచ్చా అన్న ప్రశ్న యాభై ఏళ్ళ కిందటే తేలిపోయింది. చేయవచ్చు. ప్రభుత్వాలే కాదు, పౌర హక్కుల సంఘాలు కూడా ఇవాళ దాన్ని కాదనడం లేదు. తేలనిది ఆ సోదాకు హద్దు ఎక్కడన్నదే. బట్టల కింది దాకా చూడవచ్చా? చూసిన బొమ్మను దాచుకోవచ్చా? ముఖాన్ని కొలిస్తే ఆ కొలత ఎవరి చేతిలో ఉండాలి? 2010 ప్రాంతంలో బాడీ స్కానర్ల మీద రేగిన వివాదమూ, ఇప్పుడు ముఖ గుర్తింపు కెమెరాల మీద సాగుతున్న వివాదమూ కలగలిసిపోయి, ఏ అభ్యంతరం ఏ యంత్రానికి వర్తిస్తుందో పోల్చుకోలేని పరిస్థితి వచ్చింది. రెండింటినీ విడదీసి చూడడం, ఎవరి వాదంలో ఎంత బలముందో బేరీజు వేయడం ఈ సమీక్ష ఉద్దేశం.

దాడి ముందు, నిబంధన వెనక

విమానాశ్రయ తనిఖీల చరిత్ర అంతా జరిగిన దాడికి జవాబుగా పుట్టిన నిబంధనల చరిత్రే. వరుస హైజాకింగులతో విసిగిన అమెరికా 1973 జనవరి నుంచి ప్రయాణికులందరినీ, వారి చేతి సంచులనూ తనిఖీ చేయడం తప్పనిసరి చేసింది. 1985లో ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న సూట్‌కేసు విమానంలోకి చేరింది, దాన్ని ఇచ్చిన మనిషి మాత్రం విమానం ఎక్కలేదు. ఆ ఘటన తర్వాత, 1987లో, మన పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ స్వతంత్ర విభాగమైంది. 1999 డిసెంబరులో ఐసీ-814 విమానాన్ని హైజాకర్లు కాందహార్‌కు మళ్ళించాక, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి మన విమానాశ్రయాల కాపలాను కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్‌కు అప్పగిస్తూ వచ్చారు.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో టీఎస్ఏ అనే ప్రత్యేక భద్రతా సంస్థ ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరులో ఒకడు బూటులో పేలుడు పదార్థంతో విమానమెక్కాడు. తర్వాతి కాలంలో అక్కడ బూట్లు విప్పించడం నియమమైంది. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక 100 మిల్లీలీటర్ల పరిమితి వచ్చింది. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒక యువకుడు లోదుస్తుల్లో దాచిన పీఈటీఎన్ అనే పేలుడు పదార్థాన్ని పేల్చబోయాడు. లోహం కాదు కాబట్టి దాన్ని మెటల్ డిటెక్టర్ పట్టలేదు. బాడీ స్కానర్లు అంతకుముందే ప్రయోగాత్మకంగా ఉన్నా, ప్రపంచమంతటా వాటికి దారి తెరిచింది ఈ ఘటనే.

ఈ వరుసలో ఒకటి గమనించాలి. నిబంధన వచ్చినంత తేలికగా పోదు. అమెరికాలో మామూలు ప్రయాణికులు బూట్లు విప్పాల్సిన పని 2025 జులైలో గానీ తప్పలేదు.

స్కానర్ ఏం చూస్తుంది?

తొలితరం బాడీ స్కానర్లు రెండు రకాలు. ఒకటి బలహీనమైన ఎక్స్-కిరణాలను శరీరం మీదికి పంపి, వెనక్కి చెదిరిన వాటితో బొమ్మ గీస్తుంది. రెండోది మిల్లీమీటర్ తరంగాలను వాడుతుంది. ఇవి రేడియో తరంగాల జాతివి, కణాల మీద ఎక్స్-కిరణాల ప్రభావం వంటిది వీటికి లేదు. రెండూ బట్టలను దాటి చర్మం దాకా చూస్తాయి, శరీరం లోపలికి పోవు. ఎక్స్-కిరణాల మోతాదు విమానం ఎత్తులో కొన్ని నిమిషాలు ప్రయాణిస్తే తగిలే సహజ రేడియేషన్‌కు మించదని నిపుణుల అంచనా. అయినా తప్పించుకోగల రేడియేషన్‌ను కోట్లమందికి ఎందుకు పంచాలన్న అభ్యంతరం నిలబడింది.

అసలు గొడవ మాత్రం బొమ్మ గురించే. మొదట్లో ఈ యంత్రాలు మనిషి దాదాపు నగ్నంగా ఉన్నట్టు చూపేవి. వేరే గదిలో కూర్చున్న ఉద్యోగి ఆ బొమ్మను చూసి, అనుమానమేమైనా ఉంటే చెప్పేవాడు. ముఖం మసకగా ఉంటుందనీ, విమానాశ్రయంలో బొమ్మలను దాచబోమనీ టీఎస్ఏ భరోసా ఇచ్చింది. అయితే యంత్రం కొనుగోలుకు 2008లో ఆ సంస్థే రాసుకున్న షరతుల్లో, పరీక్షల కోసం బొమ్మలను దాచే సామర్థ్యం ఉండాలని ఉన్నట్టు అమెరికా సమాచార హక్కు చట్టం కింద వెలికి వచ్చింది. 2010లో ఫ్లోరిడాలోని ఓర్లాండో కోర్టు భవనంలో ఇలాంటిదే ఒక స్కానర్ దాదాపు 35,000 బొమ్మలను దాచిందని బయటపడింది. అది విమానాశ్రయం కాదు, బొమ్మలు కూడా అస్పష్టమైనవే. అయినా దాచే వీలున్న యంత్రం ఏదో ఒక చోట దాస్తుందన్న అనుమానానికి అది రుజువుగా నిలిచింది.

పరిష్కారం సాఫ్ట్‌వేర్ రూపంలో వచ్చింది. ఇందులో తెరపై ప్రయాణికుడి బొమ్మ ఉండదు. అందరికీ ఒకే రకమైన గీత బొమ్మ కనబడుతుంది, అనుమానం ఉన్న చోట ఒక గడి వెలుగుతుంది. ఇది తయారీదారులు తమంతట తాము ఇచ్చింది కాదు. 2012లో అమెరికన్ చట్టసభ గడువు పెట్టి మరీ దీన్ని తప్పనిసరి చేసింది. ఎక్స్-కిరణాల స్కానర్ కంపెనీ ఆ గడువులోగా సాఫ్ట్‌వేర్ ఇవ్వలేకపోవడంతో 2013 మే నాటికి ఆ యంత్రాలను విమానాశ్రయాల నుంచి తీసేశారు. ఈ మొత్తం చర్చలో గోప్యతకు దక్కిన అతి పెద్ద విజయం ఇదే.

నాలుగు వాదాలు

మొదటిది భద్రతావాదం. విమానం మామూలు చోటు కాదు, అక్కడ ఒక్క పొరపాటుకు వందల ప్రాణాలు పోతాయి, ప్రయాణం ఎవరూ బలవంతం చేసేది కాదు, కాబట్టి ఎక్కే ముందు కొంత గోప్యతను వదులుకోవడం సహజ షరతేనని దీని సారాంశం. పీఈటీఎన్ వంటి పదార్థాలను మెటల్ డిటెక్టర్ పట్టలేదన్నది దీనికున్న గట్టి ఆధారం. ప్రయాణం ఐచ్ఛికం అనే మాట మాత్రం దీని బలహీనత. కొలువు కోసమో చదువు కోసమో సముద్రం దాటవలసిన మనిషికి విమానం తప్ప దారి లేదు.

రెండోది హక్కుల వాదం. నేరం చేశాడన్న అనుమానం ఏమీ లేని లక్షలమందిని వివస్త్రలుగా చూడడం, లేదా వారి మర్మస్థానాలను తడమడం మనిషి గౌరవానికే భంగమని ఇది అంటుంది. 2010 చివరలో టీఎస్ఏ తడిమి చూసే పద్ధతిని కఠినం చేసినప్పుడు, థాంక్స్‌గివింగ్ పండుగ ముందురోజు స్కానర్‌ను నిరాకరించాలంటూ అమెరికాలో పిలుపునిచ్చింది ఈ ధోరణివారే.

మూడోది ప్రయోజనాన్ని నిలదీసే వాదం. కంప్యూటర్ భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ ఇలాంటి తనిఖీల్లో చాలావాటిని 'భద్రతా నాటకం' అన్నాడు. 2001 తర్వాత నిజంగా మేలు చేసినవి కాక్‌పిట్ తలుపులను పటిష్ఠం చేయడం, ప్రయాణికులు తిరగబడాలని నేర్చుకోవడం అని ఆయన వాదన. ఇందుకు ఆధారాలు ఉన్నాయి. తీసేసిన ఎక్స్-కిరణాల స్కానర్ ఒకటి కొని పరీక్షించిన అమెరికన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, దాని కన్నుగప్పి కత్తినీ తుపాకీనీ దాటించవచ్చని 2014లో చూపారు. 2015లో రహస్య పరీక్షల్లో 70 సార్లకు 67 సార్లు టీఎస్ఏ తనిఖీ విఫలమైందని వార్తాసంస్థలు బయటపెట్టాయి. జర్మనీ హాంబర్గ్‌లో చేసిన ప్రయోగంలో బట్టల మడతలకూ చెమటకూ కూడా యంత్రం గంట కొడుతుండడంతో 2011లో ఆ దేశం వాడకాన్ని విస్తరించకుండా ఆగిపోయింది. అయితే పట్టుబడని ఆయుధాలను లెక్కించగలం గానీ, స్కానర్‌కు జడిసి మానుకున్న దాడులను లెక్కించలేం. ఈ వాదానికున్న పరిమితి అది.

నాలుగోది రూపకల్పనా వాదం. భద్రత, గోప్యత రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలనడం తప్పుడు షరతు, యంత్రాన్ని గీసేటప్పుడే గోప్యతను అందులో అమర్చాలని ఇది చెబుతుంది. కెనడాలోని ఆంటారియో గోప్యతా కమిషనర్ ఆన్ కవూకియన్ బాడీ స్కానర్ల విషయంలో 2009లోనే ఈ మాట అన్నారు. గీత బొమ్మ సాఫ్ట్‌వేర్ ఈ వాదం నెగ్గినట్టు చూపింది. కానీ చట్టం మెడ మీద కూర్చుంటే తప్ప ఆ సాఫ్ట్‌వేర్ అన్ని యంత్రాల్లోకీ రాలేదన్నది మరిచిపోకూడదు.

కోర్టులు, చట్టసభలు ఏమన్నాయి?

అమెరికన్ కోర్టులు విమానాశ్రయ తనిఖీని నేర పరిశోధనగా చూడవు, పాలనాపరమైన సోదాగా చూస్తాయి. అందుకే వారంటు అడగవు. 2011లో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు స్కానర్లు రాజ్యాంగ విరుద్ధం కావని తేల్చింది. అదే తీర్పులో, ప్రజాభిప్రాయం కోరకుండా ఇంత పెద్ద మార్పు తేవడం తప్పని టీఎస్ఏకు చెప్పింది. ఆ నిబంధన ఖరారయ్యేసరికి 2016 వచ్చింది. ఈ అయిదేళ్ళూ యంత్రాలు ఆగలేదు.

ఐరోపా దారి వేరు. అక్కడి పార్లమెంటు 2008లోనే హక్కుల మీద ప్రభావం అంచనా వేయకుండా స్కానర్లు వద్దని తీర్మానించింది. 2011 నవంబరు నిబంధనలు ఎక్స్-కిరణాల రకాన్ని పక్కన పెట్టి, బొమ్మను దాచడాన్ని నిషేధించి, స్కానర్ వద్దన్న వారికి మరో పద్ధతి ఉండాలన్నాయి.

మన దేశంలో ఈ ప్రశ్నకు పునాది 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు. గోప్యత ప్రాథమిక హక్కు. దానికి కత్తెర వేయాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, లక్ష్యానికి కావలసినంత మేరకే కత్తెర పడాలి, దుర్వినియోగానికి అడ్డుకట్టలుండాలి. విమానాశ్రయ భద్రత న్యాయమైన లక్ష్యమేనని వేరే చెప్పనక్కర్లేదు. మిగతా మూడు పరీక్షల దగ్గరే తనిఖీ యంత్రాలు జవాబు చెప్పుకోవాలి.

దేశాల వారీగా సంగ్రహం

- అమెరికా: స్కానర్ ముఖ్య సాధనం. నిరాకరిస్తే తడిమి చూస్తారు. 2015 చివరి నుంచి కొందరి విషయంలో స్కానర్‌నే తప్పనిసరి చేసే అధికారం టీఎస్ఏ తీసుకుంది.
- బ్రిటన్: 2010లో స్కానర్ వద్దంటే విమానం ఎక్కనిచ్చేవారు కాదు. 2013 నవంబరులో ఆ పట్టు సడలించి ప్రత్యామ్నాయం ఇచ్చారు.
- ఐరోపా సమాఖ్య: ప్రత్యామ్నాయం ప్రయాణికుడి హక్కు. బొమ్మ దాచరాదన్నది నిబంధనలోనే ఉంది.
- భారతదేశం: 2019 ఏప్రిల్‌లో బీసీఏఎస్ 84 సున్నిత, అతిసున్నిత విమానాశ్రయాలు ఏడాదిలోగా బాడీ స్కానర్లు పెట్టాలని ఆదేశించింది. ఆ గడువు దాటిపోయింది. ఇప్పటికీ ఎక్కువ చోట్ల డోర్ ఫ్రేమ్ డిటెక్టర్, చేతి డిటెక్టర్, ఆ పైన తడిమి చూడడమే.

ఈ చివరి అంశం మన చర్చను పాశ్చాత్య చర్చ నుంచి వేరు చేస్తుంది. అక్కడ అనుమానితులకూ స్కానర్ వద్దన్నవారికీ పరిమితమైన తడుములాట ఇక్కడ ప్రతి ప్రయాణికుడికీ నిత్యకృత్యం. మహిళలకు తెర చాటున మహిళా సిబ్బంది చేస్తారు. కాబట్టి గీత బొమ్మ చూపే స్కానర్ మన దగ్గర గోప్యతను హరించేదానికన్నా కాపాడేదే కావచ్చు, పరాయి చేతి బాధ తప్పుతుంది గనుక. అమెరికాలో పుట్టిన వ్యతిరేకతను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే ఈ తేడా కనబడకుండా పోతుంది.

భారం అందరి మీదా ఒకేలా పడదు

యంత్రం సగటు శరీరాన్ని, సగటు దుస్తులను ఊహించుకుంటుంది. ఆ సగటుకు బయట ఉన్నవారికే గంట మోగుతుంది. కుచ్చిళ్ళూ పైటా ఉన్న చీర, సిక్కుల తలపాగా, కృత్రిమ అవయవం, శస్త్రచికిత్స తర్వాత కట్టే సంచి, మగ-ఆడ అని రెండే మీటలున్న యంత్రం ముందు నిలబడిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తి: వీరి గోప్యతకు పడే ఖరీదు మిగతావారి కన్నా ఎక్కువ. 2010 డిసెంబరులో అమెరికాలో అప్పటి భారత రాయబారి మీరా శంకర్‌ను మిసిసిపీలోని జాక్సన్ విమానాశ్రయంలో పక్కకు తీసుకెళ్ళి తడిమి చూశారు. ఆమె చీరలో ఉన్నారు. మన ప్రభుత్వం నిరసన తెలిపింది.

మన దేశంలోనూ ఈ సమస్య ఉంది. 'మయూరి' సినిమాతో తెలుగువారికి దగ్గరైన నర్తకి సుధా చంద్రన్, తనిఖీకోసం ప్రతిసారీ కృత్రిమ కాలు తీయమంటున్నారని 2021 అక్టోబరులో బహిరంగంగా వాపోయారు. సీఐఎస్ఎఫ్ విచారం తెలిపింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, వికలాంగులను కృత్రిమ అవయవాలు తీయమనరాదనీ, అది మానవ గౌరవానికి సంబంధించిన విషయమనీ చెప్పింది.

మరోవైపు, మన దగ్గర సోదా నుంచి మినహాయింపు పొందిన ప్రముఖుల జాబితా ఒకటి ఉంది. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలామ్‌ను 2009లో ఢిల్లీలో ఒక అమెరికన్ విమాన సంస్థ సిబ్బంది సోదా చేసినప్పుడు, 2011లో న్యూయార్క్‌లో కోటూ బూట్లూ తనిఖీకి తీసుకున్నప్పుడు దేశంలో ఆగ్రహం రేగింది. సామాన్యుడికి రోజూ జరిగేది ప్రముఖుడికి జరిగితే అవమానం అయిందంటే, సోదాలో అవమానం ఉందని మనం ఒప్పుకున్నట్టే. అలాంటప్పుడు దాన్ని అందరికీ తగ్గించే మార్గం వెతకాలి.

శరీరం నుంచి ముఖానికి

2011 అక్టోబరులో టీఎస్ఏ ఒక కొత్త పథకం తెచ్చింది. ముందుగా వివరాలు ఇచ్చినవారికి తేలిక తనిఖీ. శరీరానికి దొరికిన ఊరటకు సమాచారంతో వెల కట్టడం అక్కడ మొదలైంది. ముఖ గుర్తింపు ఆ దారిలో తర్వాతి మజిలీ.

స్కానర్‌కూ ఈ కెమెరాకూ స్వభావంలోనే తేడా ఉంది. స్కానర్ వస్తువును వెతుకుతుంది, నువ్వెవరో దానికి అక్కర్లేదు, గేటు దాటాక దానికి నీతో పని లేదు. కెమెరా మనిషిని వెతుకుతుంది. దాని దగ్గర మిగిలే ముఖ కొలత విమానాశ్రయం బయట కూడా పనికొస్తుంది. సంకేతపదం చోరీ అయితే మార్చుకోవచ్చు, ముఖాన్ని మార్చుకోలేం. 2019లో అమెరికా సరిహద్దు సంస్థకు పనిచేసే ఒక ఉప కాంట్రాక్టరు దగ్గర నుంచి దాదాపు 1,84,000 ప్రయాణికుల ఫొటోలు బయటికి పోయాయి. అదే ఏడాది అమెరికన్ ప్రమాణాల సంస్థ నిస్ట్ 189 సాఫ్ట్‌వేర్లను పరీక్షించి, వాటిలో చాలావాటిలో ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాలను ఇంకొకరిగా పొరబడే అవకాశం 10 నుంచి 100 రెట్లు ఎక్కువని చెప్పింది. మేలైన సాఫ్ట్‌వేర్లలో ఆ తేడా తక్కువేనని కూడా చెప్పింది.

అమెరికా వెళ్ళే తెలుగు విద్యార్థులకూ ఉద్యోగులకూ ఇది దూరపు విషయం కాదు. 2025 డిసెంబరు 26న అమల్లోకి వచ్చిన నిబంధనతో ఆ దేశ పౌరులు కాని వారందరికీ వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ఫొటో తీసే అధికారం అధికారులకు దక్కింది. పౌరుల ఫొటోలను 12 గంటల్లో తీసేస్తారు. ఇతరులవి 75 ఏళ్ళ దాకా ఉంచవచ్చు. ఇందుకు భిన్నంగా ఐరోపా సమాచార రక్షణ మండలి 2024 మేలో, ముఖ కొలత ప్రయాణికుడి చేతిలోనో, అతని దగ్గరున్న తాళంతోనే తెరుచుకునేలానో ఉంటేనే చట్టానికి సరిపోతుందని అభిప్రాయపడింది.

డిజియాత్ర: సౌకర్యం రూపంలో వచ్చిన ప్రశ్న

మన ముఖ గుర్తింపు వ్యవస్థ డిజియాత్రకు తెలుగు నేలతో మొదటి నుంచీ సంబంధం ఉంది. 2019 జులైలో శంషాబాద్‌లో దీని ప్రయోగం జరిగింది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై, 2023లో హైదరాబాద్, విజయవాడలకు వచ్చింది. 2024 సెప్టెంబరులో విశాఖతో సహా తొమ్మిది విమానాశ్రయాల్లో దీన్ని కేంద్ర మంత్రి రామ్మోహన్ నాయుడు విశాఖ నుంచే ప్రారంభించారు.

సమర్థకుల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వివరాలు ఫోన్లోనే ఉంటాయి, విమానాశ్రయానికి అందినవి విమానం బయలుదేరిన 24 గంటల్లో చెరిగిపోతాయి, వాడకం స్వచ్ఛందం, క్యూ తగ్గుతుంది. కాగితం మీద ఇది అమెరికా పద్ధతి కన్నా ఐరోపా సూచనకే దగ్గర.

విమర్శకులు అడిగేది ఆ కాగితానికి పూచీ ఎవరని. దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్‌లో ప్రభుత్వ రంగ విమానాశ్రయాల సంస్థకు 26 శాతమే వాటా. మిగతాది ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి విమానాశ్రయ కంపెనీలది. తాము మన సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) పరిధిలోకి రామన్నది ఫౌండేషన్ వైఖరి. 2018 విధాన పత్రంలో, భద్రతా అవసరాన్ని బట్టి వివరాలు చెరిపే గడువును మార్చే వీలు ఉండాలని ఉంది. ప్రవేశ ద్వారం దగ్గర సిబ్బంది తమ అంగీకారం లేకుండానే ఫొటో తీసి నమోదు చేశారని ప్రయాణికుల ఫిర్యాదులు వచ్చాయి. 2024లో పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమన్నప్పుడు, పాత దానిలోని వివరాల సంగతేమిటన్న సందేహమూ లేచింది. ఇక 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడినా, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. 17వ సెక్షన్ కింద, దేశ భద్రత వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచే మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది.

స్కానర్ భద్రత పేరుతో వచ్చింది కాబట్టి జనం దాన్ని నిలదీశారు. డిజియాత్ర సౌకర్యం పేరుతో రావడంతో ఆ నిలదీత చాలావరకు తప్పిపోయింది. నిజానికి దీని వల్ల సంచి తనిఖీ, ఒంటి తనిఖీ ఏమాత్రం తగ్గలేదు. బోర్డింగ్ పాస్, గుర్తింపు కార్డు చూపే పని మాత్రమే తగ్గింది. అంటే ఇక్కడ ముఖాన్ని ఇచ్చి పొందుతున్నది అదనపు భద్రత కాదు, కొన్ని నిమిషాలు.

తేలినవి, తేలనివి

ఒంటి బొమ్మ వివాదం చాలావరకు తీరింది. మిల్లీమీటర్ తరంగాలు, గీత బొమ్మ, నిరాకరించే వీలు: ఈ మూడూ ఉన్న చోట దాని మీద గోప్యతాపరమైన గట్టి అభ్యంతరం మిగల్లేదు. స్కానర్ ఎంత సమర్థమన్నది మాత్రం తేలలేదు. పరీక్షా ఫలితాలను ప్రభుత్వాలు రహస్యంగా ఉంచుతున్నంత కాలం తేలదు కూడా. వికలాంగ ప్రయాణికుల విషయంలో కోర్టు మాటకూ క్యూలో జరిగేదానికీ దూరం మిగిలే ఉంది. ముఖం విషయంలో మౌలిక ప్రశ్నలే తేలలేదు: ఐచ్ఛికమన్నది ఎన్నాళ్ళు ఐచ్ఛికంగా ఉంటుంది, ఒక అవసరానికి తీసుకున్న కొలత మరోదానికి పోకుండా ఆపేదెవరు, పొరబాటు జరిగితే ఎవరి తలుపు తట్టాలి?

పదిహేనేళ్ళ స్కానర్ చరిత్ర ఇచ్చే తీర్పు ఒకటే. యంత్రం తనంతట తాను మర్యాద నేర్చుకోలేదు. చట్టసభ గడువు పెట్టాక, కోర్టు మందలించాక, ప్రయాణికులు మొరాయించాక నేర్చుకుంది. ముఖ గుర్తింపు విషయంలో మనం ఇంకా ఆ ముందరి దశలోనే ఉన్నాం. డిజియాత్ర హామీలను విధాన పత్రాల్లోంచి చట్టబద్ధమైన నిబంధనల్లోకి మార్చాలి. ఫౌండేషన్‌ను ఆర్‌టీఐ పరిధిలోకి తేవాలి. వివరాలు నిజంగా చెరిగిపోతున్నాయో లేదో స్వతంత్ర సంస్థ తనిఖీ చేసి ఫలితాన్ని ప్రకటించాలి. కెమెరా లేని ద్వారాన్ని ప్రతి విమానాశ్రయంలో, అదే నిడివి క్యూతో, తెరిచి ఉంచాలి. ఈ నాలుగూ జరిగేదాకా, తమ ముఖం ఇవ్వాలా వద్దా అన్నది ప్రయాణికులు ఎవరికి వారు ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. వద్దనే హక్కు ఇవాళ్టికి ఉంది. వాడుకునేవారు లేకపోతే అది మిగలదు.